గుగ్గిలం పట్టిన జీపు

మాయాబందర్ జెట్టీ దగ్గర అచ్చమ్మ టీ దుకాణం ముందు బల్ల మీద కూర్చుని నూకన్న తిట్టని మనిషి ఆ ఊళ్లో లేడు. ఓడ ఆలస్యమైతే ఓడ కెప్టెన్ని, వాన ఆలస్యమైతే రేడియోలో వాతావరణం చెప్పేవాణ్ణి, టీలో పంచదార ఎక్కువైతే అచ్చమ్మని, తక్కువైతే మళ్లీ అచ్చమ్మని తిట్టేవాడు. గొంతు పెంచడు. గడ్డం కింద గోక్కుంటూ, కళ్లు సగం మూసి, ఎదుటివాడి పుట్టుకలోనే ఏదో పొరపాటు జరిగినట్టు ఒక చూపు చూస్తాడు. తర్వాత ఒక్క మాట అంటాడు. ఆ మాట పడ్డవాడికి చేతిలో టీ చల్లారిపోతుంది.

ఆ హక్కు తనకు ఊరికే రాలేదని నూకన్న నమ్మకం. భావనపాడు పక్కన పల్లెబడిలో ఐదో తరగతి దాకా చదివాడు. చదువు అక్కడితో ఆగింది గాని, ఆ ఐదు తరగతుల లెక్కలతోనే ఎంతమంది ఇంజనీర్ల కొలతలు తప్పని తేల్చాడో ఇప్పటికీ పేరుపేరునా చెబుతాడు. తండ్రి డుంగీలు కట్టే వడ్రంగి. పడవ పలకల సందుల్లో పత్తి కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పోసి, ఉలితో కొట్టి చుక్క నీరు దూరకుండా చేసే పని తండ్రి చేతి కిందే నేర్చాడు. మీసం రాకముందే ఓడెక్కి ఆయన వెంట ఈ దీవులకు వచ్చాడు. కలప కంట్రాక్టరు దగ్గర క్లీనరయ్యాడు, డ్రైవరయ్యాడు, చివరికి తనే రాళ్లూ ఇటుకలూ తోలే చిన్న కంట్రాక్టరయ్యాడు. ట్రంక్ రోడ్డు ఇంకా బురదరోడ్డుగా ఉన్న రోజుల్లో బ్రేకులు పోయిన లారీని గుట్ట దింపిందెవరు? నూకన్న. ఏనుగు లాగనని మొరాయించిన పడౌకు దుంగని జీపుకు గొలుసు కట్టి లాగిందెవరు? నూకన్న. సునామీ నాడు జెట్టీ నుంచి గుట్ట మీది బడికి ముసలీ ముతకని చేరవేసిందెవరు? మళ్లీ నూకన్నే. ఈ మూడూ చెప్పకుండా అతను ఎవరికీ పంక్చరు గురించి కూడా చెప్పడు.

ఆ మూడింట్లో రెండు ఘనకార్యాలు చేసిన జీపు ఇంకా అతని ఇంటి ముందే ఉంది. సర్కారు వేలంలో పాడుకున్నది. ముందు రెండు సీట్లు, వెనక ఎదురుబదురు బల్లలు, పైన టార్పాలిన్. మాయాబందర్‌లో ఆ జీపు చేయని చాకిరీ లేదు. చేపల పెట్టెలు తోలింది. ఇసకలో దిగబడ్డ టూరిస్టు కార్లని లాగింది. తుపాను వస్తుందంటే సముద్రంలోకి వెనక చక్రాలు ములిగేదాకా దిగి డుంగీలకు తాడు వేసి ఒడ్డుకు ఈడ్చింది. అన్ని ఉప్పునీళ్లు తాగిన బండి ఈ గాలిలో ఇన్నేళ్లు నిలవడమంటే మాటలు కాదు. ఇక్కడ ఇంటి మేకు తుప్పు పడుతుంది, కిటికీ ఊచ తుప్పు పడుతుంది, కొత్తగా కొన్న సైకిలు గొలుసు మరుసటి వానాకాలానికి ఎర్రబడుతుంది. నూకన్న జీపు మాత్రం కింద పడుకుని చూసినా నల్లగా నిగనిగలాడుతుంది.

దానికో పద్ధతి ఉంది. ఏటా వానలకు ముందు బండిని దుంగల మీదికి ఎక్కించి వైర్ బ్రష్‌తో గీకుతాడు. రెడాక్సైడ్ కొడతాడు, ఆరాక తారు పూస్తాడు. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు. నూకన్న చేసే అసలు పని ఆ తర్వాతది. జీపు ఒళ్లంతా మోసే చాసిస్ ఉంటుందే, ఆ రెండు పొడుగాటి ఇనప దూలాలు లోపల బోలుగా ఉంటాయి. వాటి అడుగున వేలెడేసి కన్నాలుంటాయి. సముద్రంలోకి దిగినప్పుడు ఆ కన్నాల్లోంచే కదా నీళ్లు లోపలికి పోయేది! అందుకని తండ్రి నేర్పిన పద్ధతిలో ఒక్కో కన్నంలోనూ పత్తి కూరి, గుగ్గిలం పోసి, ఉలితో దిట్టంగా కొట్టి మూసేశాడు.

"కంపెనీవోడు అన్నేసి కన్నాలు ఎందుకెట్టాడనుకుంటన్నారు?" అనేవాడు బల్ల మీద కూర్చున్నవాళ్లతో. "ఇనుము ఆదా కోసం. ఆడెప్పుడైనా సంద్రాన్ని సూసాడా? ఎక్కడో ఎండలో కూసుని బండి తయారుసేసి మన మొహాన కొట్టాడు. నాను దాన్ని పడవ సేసినాను."

వినేవాళ్లు తలలూపేవారు. ఊపకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

తల ఊపని మనిషి ఒక్కడే, గోవిందరాజులు మాస్టారు. పోర్ట్‌బ్లెయిర్‌లో పాతికేళ్లు పాఠాలు చెప్పి, అక్కడి డెలానీపూర్ క్వార్టర్ ఖాళీచేసి, మాయాబందర్ పైన పోకతోట కొనుక్కుని వచ్చి స్థిరపడ్డాడు. ఆయనకూ ఓ పాత జీపుంది. రెండు చచ్చిన జీపులు కొని, వాటిలోంచి ఒక బతికిన జీపు తయారుచేయించుకున్నాడు. ఫోనులో వీడియోలు చూసి దాన్ని జానెడు పైకి లేపించాడు. పొడుగు షాకబ్జర్లు, ట్రాక్టరుకు పెట్టాల్సినంత టైర్లు. మలుపు తిరిగితే బండి మొత్తం పడవలా పక్కకు వాలుతుంది. ఎక్కడానికి మాస్టారి భార్య ఇంట్లోంచి పీట తెచ్చుకుంటుంది.

"కోడికి కొంగకాళ్లు అతికించినట్టుంది," అన్నాడు నూకన్న, దాన్ని మొదటిసారి చూసినప్పుడు.

అంతటితో వదిలేసినా బాగుండేది. మాస్టారి జీపుకు ఇంకో జబ్బుంది. బీచి నుంచి గాని, ఫెర్రీ దిగి గాని వచ్చి ఆగిందంటే, కింది నుంచి ఎర్రటి నీళ్లు బొట్టుబొట్టుగా కారతాయి. అచ్చమ్మ దుకాణం ముందు సిమెంటు మీద ఆ మరకలు ఎండి మ్యాపులా ఉండిపోయాయి. ఒకరోజు జనం బాగా చేరిన వేళ, మాస్టారు అప్పుడే టీ గ్లాసు అందుకున్నాడు. నూకన్న గ్లాసు కింద పెట్టి, చేతులు జోడించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మాస్టారూ, అడిగేనని ఏటీ అనుకోకండి. మీ బండికి సుగరుందా?"

"ఏమిటండీ?"

"ఆగిన సోటల్లా పోస్తంది. డాక్టరుకి సూపించండి. వయసులో ఉన్న బండి, పాపం."

అచ్చమ్మ నవ్వు ఆపుకోలేక టీ గిన్నె పొయ్యి మీదే వదిలి లోపలికి పోయింది. జెట్టీ కూలీలు బల్లలు చరుస్తూ నవ్వారు. మాస్టారు టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆ జీపు పేరు సుగర్ జీపు. బడిపిల్లలు కూడా అదే పేరుతో పిలిచారు. మాస్టారు ఇంటికెళ్తే భార్య కూడా ఓసారి నోరుజారిందని వినికిడి.

ఇలా ఊరందరి బళ్లకూ రోగాలు కట్టబెట్టిన నూకన్నకు సొంత ఇంట్లో ఒక మనిషి ఎదురైంది. అతని కూతురు రాధిక. తండ్రి కంట్రాక్టు పనులన్నీ ఇప్పుడు ఆవిడే చూస్తుంది. తండ్రి నోరూ ఆవిడకే వచ్చింది. జీపు వెనక బరువు మోసే స్ప్రింగు పట్టీలు, ఆ కమాన్ కట్టలు, కుంగిపోయి, నలుగురు కూర్చుంటే చక్రాలు బాడీకి రాసుకుంటున్నాయి. గుట్ట మీది పోకతోటల నుంచి వానల్లో కాయ దింపే పని రాధిక ఒప్పుకుని ఉంది. ఆ దారిలో మామూలు బండి ఎక్కదు.

"నాన్నా, బస్. చాలించు," అంది రాధిక. "కొత్త ఫోర్‌వీల్ పికప్ తెస్తాను. ఈ డొక్కుని కబాడీవాడికి ఇచ్చేద్దాం. వాడు పాత ఇనుము ఓడకెక్కిస్తున్నాడు, ఇప్పుడే అడిగి వచ్చాను."

"డొక్కా? కమాన్లు మారిస్తే ఇంకో ఇరవయ్యేళ్లు తిరుగుద్ది. నా కంటే ఎక్కువ బతుకుద్ది."

"కమాన్లకేం, మార్చుకో. చాసిస్ లోపల తినేసి ఉంటే? మెత్తటి చాసిస్‌కి గట్టి కమాన్లు వేస్తే నిలబడుతుందా?"

కూతురు తన చాసిస్‌ని అనుమానించడం నూకన్నకు చెంపదెబ్బలా తగిలింది. ఆ కోపంలో ఇంట్లో అనవలసిన మాట ఇంట్లో అనకుండా టీ దుకాణానికి పోయి, అందరి ముందూ అన్నాడు. "ఇనండ్రా. నా జీపు సాసిస్‌లో సిటికెన వేలు దూరేంత తుప్పు ఎవుడైనా సూపించాడా, నా సేత్తో నానే తోలుకెళ్లి కబాడీవోడికి అప్పజెప్తాను. మల్లీ ఆ బండి పేరెత్తను."

"ఆలోచించుకో బావా," అంది అచ్చమ్మ.

"ఆలోచించుకోడం సాతకానోళ్ల పని."

సాయంత్రానికి ఆ మాట రాధిక చెవిన పడింది. ఆవిడ తండ్రితో వాదించలేదు. "మాట అన్నావు కాబట్టి మాటే," అంది. "చాసిస్ బాగుంటే జీపు నీది, నేనిక నోరెత్తను. పోయిందని తేలితే కబాడీకి."

"రాసిమ్మంటావా?"

"ఊరంతా విన్నాక రాతెందుకు?"

కమాన్లు కొనడానికి నూకన్న తెల్లారగట్ల బస్సెక్కి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాడు. బస్సు నిండా టూరిస్టులు. అడవి దారిలో బళ్లన్నీ వరసగా పోయే కాన్వాయ్ కదిలీ కదలగానే సంచులు పట్టుకుని వాంతులు మొదలుపెట్టారు. మలుపులంటే అవే మలుపులని వాళ్లు అనుకుంటున్నందుకు నూకన్న కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. అబర్డీన్ బజార్‌లో స్పేర్ పార్టుల దుకాణం కుర్రాడు అతనికి పల్చటి పట్టీల కమాన్లు చూపించి, "అంకుల్, ఇవి తీసుకోండి. పాత బండికి మెత్తగా ఉంటేనే మంచిది, చాసిస్ మీద దెబ్బ పడదు," అన్నాడు.

"నాను బండి మీద పడుకుంటానన్నానా? పరుపు సూపిస్తన్నావు," అన్నాడు నూకన్న.

మందపాటి పట్టీల కట్టలు తీయించాడు. వాటికి ఒక్కో పట్టీ అదనంగా వేయించాడు. ఆ కుర్రాడు ఏదో చెప్పబోయాడు గాని, అప్పటికే నూకన్న బ్రేకులు పోయిన లారీ కథలో గుట్ట సగం దిగి ఉన్నాడు.

మాయాబందర్‌లో బళ్లు బాగుచేసే రామ్‌ప్రసాద్ రాంచీవాడు. తనంత మెకానిక్ కలకత్తాలో కూడా లేడని అతని అభిప్రాయం. నూకన్న దగ్గర ఆ అభిప్రాయం చెల్లదు కాబట్టి ఇద్దరికీ పడదు. కాని ఊళ్లో పెద్ద జాకీ అతని దగ్గరే ఉంది. రెండు రోజులు పనిచేసి పాత కట్టలు ఊడదీశాడు. వాటిని పట్టి ఉంచే యూబోల్టులు తుప్పుతో తిరగకపోతే కోసేశాడు. కొత్తవి బిగించి, కొత్త షాకబ్జర్లు వేశాడు. నూకన్న పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ప్రతి నట్టుకూ ఒక విమర్శ చేశాడు.

"చాచా, ఏక్ బార్ చాసిస్ కూడా సుత్తితో కొట్టి చూద్దామా?" అన్నాడు రామ్‌ప్రసాద్. "అందర్ కా హాల్, లోపలి సంగతి, తెలుస్తుంది."

"నీ సుత్తి నీ బుర్ర మీద కొట్టుకో. అందర్ కా హాల్ తెలుస్తుంది."

జీపు దుంగల మీంచి దిగింది. వెనక భాగం పైకి లేచి, ముక్కు కొద్దిగా వంగి, దూకబోయే పోట్లగిత్తలా నిలబడింది. నూకన్నకు గుండె నిండిపోయింది. ఆ ఆనందం టీ దుకాణానికి చూపించకుండా ఎలా ఉంటాడు? వెనక బల్లల మధ్య బొంతరాళ్లు నిండా వేయించాడు. జెట్టీ రోడ్డు మీద మెల్లగా తోలుకుంటూ వచ్చాడు. రాళ్ల బరువుకు కమాన్లు అణగనైనా అణగలేదు. దుకాణం ముందు గోవిందరాజులు మాస్టారి కొంగకాళ్ల జీపు ఆగి ఉంది. మాస్టారు టీ తాగుతున్నాడు. నూకన్నకు ఇంతకంటే ఏం కావాలి?

"సూడండి మాస్టారూ! ఇన్ని రాళ్లెట్టినా కమాను వంగిందా? అదీ కమానంటే. మీ దాంట్లో ఇద్దరెక్కితే ఉయ్యాల."

ఆ మాట అంటూనే దుకాణం ముందరి స్పీడ్ బ్రేకర్ ఎక్కించాడు. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి.

ఎండుకొమ్మ విరిగినట్టు ఒక చప్పుడైంది. జీపు ఎడమ వెనక మూల కుక్క కూర్చున్నట్టు కూలబడింది. రాళ్లు ఒక పక్కకు దొర్లాయి. నూకన్న స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. జీపు కింది నుంచి నీళ్లు వస్తున్న శబ్దం వినబడింది. బొట్లు కావు. కుళాయి తిప్పినట్టు, ఎర్రగా, మట్టి వాసనతో, ధారగా పడుతున్నాయి. సిమెంటు మీద పారి, మాస్టారి జీపు వేసిన పాత మరకల మీదుగా కాలవలోకి పోతున్నాయి.

అచ్చమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చి చూసింది.

"ఏటి బావా," అంది. "నీ బండికీ సుగరొచ్చిందా?"

ఆ నవ్వులకు జెట్టీ మీది కాకులు లేచాయి. నూకన్న దిగి, మోకాళ్ల మీద కూర్చుని, బండి కిందికి దూరాడు. కొత్త కమాను చెక్కుచెదరలేదు. అది బిగించి ఉన్న చోట చాసిస్ దూలమే అప్పడంలా పగిలింది. బయట తారు, దాని కింద రెడాక్సైడ్, దాని కింద ఇనుము ఉండాల్సిన చోట ఎర్రటి పొరలు. చిటికెన వేలేమిటి, చేయి మొత్తం దూరింది. ధార కింద వేలు పెట్టి నాలుక మీద వేసుకున్నాడు.

ఉప్పు.

ఎన్నెన్ని తుపాన్ల నీళ్లు! ఎన్నెన్ని డుంగీలు లాగినప్పటి నీళ్లు! దూలం పై అతుకుల్లోంచి, బోల్టు సందుల్లోంచి సముద్రం లోపలికి వస్తూనే ఉంది. బయటికి పోయే దారి లేదు. ఆ దారులన్నీ నూకన్నే మూసేశాడు. కబురంది వచ్చిన రామ్‌ప్రసాద్ స్క్రూడ్రైవరుతో ఒక కన్నంలోని పత్తి పొడిచి చూశాడు. రాలేదు. సుత్తితో కొట్టి పొడిచాడు. అప్పుడూ రాలేదు.

"చాచా," అన్నాడు, "ఇనుము గయా. తుమ్హారా గుగ్గిలం మాత్రం ఏక్‌దమ్ నయా."

మామూలుగా అయితే ఆ మాటకు నూకన్న పదేళ్లు గుర్తుండే జవాబు చెప్పేవాడు. ఆ రోజు లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి నడిచాడు.

రాధిక వాకిట్లోనే ఎదురైంది. అప్పటికే అంతా విని ఉంది. ఆవిడ నవ్వలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"కబాడీవాడికి ఫోన్ చేశాను," అంది. "ఓడ వచ్చేలోగా తీసుకుపోతాడు."

నూకన్న అరుగు మీద కూర్చున్నాడు. గోళ్లలో ఇరుక్కున్న తుప్పు గీక్కుంటూ, "నానన్నది సాసిస్ గురించి," అన్నాడు.

"ఏంటి?"

"సాసిస్‌లో తుప్పుంటే అన్నాను. సాసిస్ అప్పజెప్తాను. నా సేత్తో నానే ఈడ్చుకెళ్తాను. ఇంజనేం తప్పు సేసింది? బాడీ ఏం తప్పు సేసింది? కొత్త కమాన్లేం తప్పు సేసాయి?"

రాధిక తండ్రి వైపు చూసింది. ఆ బండిలోనే ఆవిడ బడికి వెళ్లింది. ఆ బండిలోనే తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లారు. "సరే," అంది. "ఇంకో చాసిస్ దొరికితే మార్చుకో. ఓడ వచ్చేలోగా దొరకాలి. లేకపోతే మొత్తం బండి వెళ్తుంది, ఇంక నాతో పేచీ పెట్టకు. ఇంతకీ ఎక్కడ దొరుకుతుంది?"

ఎక్కడ దొరుకుతుందో నూకన్నకు తెలుసు. మాయాబందర్‌లో అలాంటి చాసిస్ ఒకే ఒకచోట ఉంది. గోవిందరాజులు మాస్టారి పెరట్లో, పోకచెట్ల మధ్య రెండు బండల మీద. ఆయన కొన్న రెండు చచ్చిన జీపుల్లో రెండోదాని ఎముకలు అవి.

మర్నాడు ఉదయం నూకన్న ఉతికిన చొక్కా తొడుక్కుని గుట్ట ఎక్కాడు. మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. నూకన్న నేరుగా పెరట్లోకి పోయి ఆ చాసిస్ చుట్టూ తిరిగాడు. పైన నాచు పట్టింది, ఎర్రటి దుమ్ముంది. జేబులోంచి చిన్న సుత్తి తీసి ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుంటూ పోయాడు. గుడిగంటలా మోగింది. ఒంటి మీద ఒక్క పూత రంగు చూడని ఇనుము, గుగ్గిలం ఎరగని ఇనుము, మోగుతోంది! అడుగున కన్నాలన్నీ తెరిచే ఉన్నాయి. ఒకదాంట్లోంచి చీమలు వరసకట్టి వస్తున్నాయి.

"దీనికేం పూసారు మాస్టారూ?" అన్నాడు వరండా దగ్గరకొచ్చి.

"ఏమీ పూయలేదండీ."

"మరి నడిసే బండికో?"

"దానికీ ఏమీ చేయను. నేనసలు బండి కిందికి ఎప్పుడూ దూరలేదు, నూకన్నగారూ. నాకు నడుంనొప్పి."

నూకన్న కళ్లు మూసుకున్నాడు. తెలివైనవాడి చేతిలో ఓడిపోతే ఓ దారి. ఐదో తరగతి చదువు, తండ్రి విద్య, ఇన్నేళ్ల చాకిరీ, అన్నీ కలిసి ఒక బద్ధకస్తుడి నడుంనొప్పికి ఓడిపోయాయి.

"సాసిస్ కావాలి నాకు," అన్నాడు. ఆ మూడు మాటలూ పోకచెట్ల వైపు చూస్తూ అన్నాడు.

"తీసుకోండి. నాకు డబ్బు వద్దు." మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కాని ఒక మాట. నా బండికి సుగరన్నారు మీరు. బడిపిల్లలు అంటున్నారు. మొన్న గుడిలో పూజారి కూడా, 'సుగర్ జీపు మాస్టారు వచ్చారు, ప్రసాదం ఇవ్వండి' అన్నాడు. అన్నచోటే, విన్నవాళ్ల ముందే, ఎవరి బండి సరైందో మీ నోటితో చెప్పండి. అంతే."

"సెప్పకపోతే?"

"చీమలున్నాయి కదా అందులో. వాటినెందుకు లేపడం?"

నూకన్న గుట్ట దిగాడు. కిందికొచ్చేసరికి జెట్టీ వైపు నుంచి ఓడ కూత వినిపించింది. మనుషుల ఓడే గాని, ఇనుము ఎక్కించుకునేది దాని వెనకే వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. అతను ఇంటికి తిరగలేదు. తిన్నగా టీ దుకాణానికి నడిచాడు.

దిగిన జనం, ఎక్కే జనం, కూలీలు, రామ్‌ప్రసాద్, అందరూ ఉన్నారు. మాస్టారు కూడా ఎప్పుడు బయల్దేరాడో గాని కొంగకాళ్ల జీపులో వచ్చి దిగాడు. ఓ మూల రాధిక నిలబడి ఉంది. నూకన్న బల్ల మీద కూర్చోలేదు. బల్ల ఎక్కి నిలబడ్డాడు.

"ఇనండ్రా! మీలో ఒక్కడికైనా సేతనవునా ఇది? సంద్రాన్ని తీసుకొచ్చి ఇనప గొట్టంలో పోసి, ఇన్నేళ్లు సుక్క బయిటికి రాకుండా ఆపినాను నాను. ఒక్క సుక్క! రామ్‌ప్రసాదూ, నీ సేతికి సుత్తి ఇచ్చి పొడిపించినా ఊడిందా? లేదు. అదీ పనంటే. బ్రేకుల్లేని లారీ దింపినోణ్ణి, దుంగ లాగినోణ్ణి, నాను కాబట్టి ఇంత గట్టిగా తప్పు సెయ్యగలిగినాను. మీరు సేస్తే మర్నాడే కారిపోయేది. ఎదవల్లారా, పడవలోకి నీరు రాకూడదు, బండిలోంచి నీరు పోవాలి. ఈ ముక్క ఈ ఊళ్లో ఏ ఒక్కడైనా నాతో అన్నాడా? తలలూపడానికే పుట్టినారు మీరంతా." ఊపిరి తీసుకుని, మాస్టారి వైపు చెయ్యి చాపాడు. "ఆ బండి పోస్తంది కాబట్టే బతికింది. ఆయన తెలిసి సెయ్యలేదు, నడుంనొప్పి వొల్ల సేసాడు. అయినా ఆ బండే సరైన బండి. సుగరు నా బండికి. అయిపోయింది. టీ పొయ్యి అచ్చమ్మా."

అచ్చమ్మ టీ పోసింది. పంచదార గురించి అతను ఆ రోజు ఏమీ అనలేదు. మాస్టారు అది క్షమాపణో తిట్టో తేల్చుకోలేక కళ్లజోడు సర్దుకుని, "మనుషుల్ని పంపించండి, మోసుకెళ్తారు," అన్నాడు. రాధిక మొహం అటు తిప్పుకుంది. ఆవిడ భుజాలు కదలడం చూస్తే నవ్వుతోందని తెలుస్తూనే ఉంది.

పాత చాసిస్‌కి తాడు కట్టి, తన చేత్తో తానే కబాడీవాడి దాకా ఈడ్చుకెళ్లాడు నూకన్న. అన్న మాట తప్పాడని ఎవరూ అనడానికి లేదు. కొత్త చాసిస్‌ని చీమలు దులిపి, గీకి, రెడాక్సైడ్ కొట్టి, లోపల వాడేసిన ఇంజనాయిలు పోసి అటూ ఇటూ దొర్లించి, మిగిలింది కింది కన్నాల్లోంచి కారిపోయేదాకా ఎండలో ఎత్తిపెట్టాడు. కమాన్లలో ఆ అదనపు పట్టీ మాత్రం తీయించేశాడు. ఎందుకని రామ్‌ప్రసాద్ అడిగితే, "నీకు బిగించడం రాలేదు కాబట్టి," అన్నాడు.

వానలు పట్టాక జీపు గుట్ట మీది తోటల నుంచి పోకకాయ దింపింది, చేపలు తోలింది, ఓ గాలివాన నాడు మళ్లీ సముద్రంలోకి దిగి డుంగీలు లాగింది. లాగి వచ్చి టీ దుకాణం ముందు ఆగితే, కింద ఎర్రగా, ధారాళంగా కారింది. నూకన్న బల్ల మీద కూర్చుని, టీ తాగుతూ, చివరి బొట్టు పడేదాకా దానివైపే చూశాడు. ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ కూడా చూశాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడే మాస్టారి జీపు కూడా బీచి వైపు నుంచి వచ్చి పక్కన ఆగింది. నూకన్న దాని కిందికి వంగి చూశాడు. సిమెంటు పొడిగా ఉంది. ఇంకాసేపు చూశాడు. ఒక్క చుక్క లేదు.

"మాస్టారూ," అన్నాడు, గ్లాసు కింద పెట్టి. "మీ బండికి బందయిపోయింది."

"అయ్యో, ఏం చేయాలండీ?"

"ఏటి సేస్తారు? బురద అడ్డం పడుంటది. కిందికి దూరి పొడవాలి. మీకు నడుంనొప్పి గాదా, మీరేం పొడుస్తారు!"

తిట్టుకుంటూనే లేచాడు. అచ్చమ్మ పొయ్యి దగ్గరున్న ఇనప చువ్వ లాక్కున్నాడు. లుంగీ ఎగ్గట్టి, ఆ కొంగకాళ్ల బండి కిందికి వెల్లకిలా దూరాడు. ఇంత ఎత్తు లేపినందుకు ఈ ఒక్క సుఖమైనా ఉందని లోపలి నుంచి అనడం అందరికీ వినబడింది. రెండు పోట్లు పొడిచాడు. బురదతో కలిసి నీళ్లు ఒక్కసారిగా అతని మొహం మీద పడ్డాయి.

ఉమ్మేసి, తుడుచుకుని, కేక వేశాడు.

"ఉప్పే మాస్టారూ! పోస్తంది! పడనియ్యండి, అప్పుడే ఇంజను స్టార్టు సెయ్యకండి!"